కాలిఫోర్నియా మెమోరియల్ స్టేడియం

కాలిఫోర్నియా మెమోరియల్ స్టేడియం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్కిలీ నగరంలో ఉన్న ఒక క్రీడాప్రాంగణం. ఇది బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు సొంత మైదానం. ఈ జట్టు అసలు పేరు కాలిఫోర్నియా గోల్డెన్ బేర్స్. వాడుకలో క్లుప్తంగా "కాల్" అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన కాలిఫోర్నియా వాసుల స్మారకంగా ఈ స్టేడియాన్ని నిర్మించారు. 1923 నవంబరు 24 న ఇక్కడ మొదటి ఆట జరిగింది. 2010-2012 మధ్య జరిగిన పునర్నిర్మాణం తరువాత దీనిలో సుమారు 63,000 మంది కూర్చొని ఆట చూడగలిగేవారు.

బర్కిలీ కొండల పాదాన, స్ట్రాబెర్రీ కాన్యన్ అనే లోయ ముఖద్వారం వద్ద ఉన్న ఈ స్టేడియం అందమైన క్రీడాప్రాంగణాలలో ఒకటిగా పేరుపొందింది. పై వరుసలలో కూర్చున్నవారికి పడమట శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం కనిపిస్తుంది, తూర్పున పచ్చని కొండ కనిపిస్తుంది. అయితే దీని చరిత్రను నడిపించినది కంటికి కనిపించని మరొక విషయం. హేవార్డ్ భ్రంశం అనే చురుకైన భూకంప రేఖ ఈ మైదానం అడుగున, దాదాపు ఒక గోలు స్తంభం నుండి మరొక గోలు స్తంభం వరకు, పొడవునా సాగిపోతుంది. స్టేడియం పడమటి సగమూ తూర్పు సగమూ ఏటా కొన్ని మిల్లీమీటర్ల చొప్పున వ్యతిరేక దిశలలో జరుగుతున్నాయి.

ఆట గురించి

అమెరికన్ ఫుట్‌బాల్‌కూ, మన దేశంలో ఫుట్‌బాల్ అని పిలిచే ఆటకూ పేరులో తప్ప పెద్దగా పోలిక లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కోలగా ఉండే బంతిని ఎక్కువగా చేతులతోనే పట్టుకొని పరుగెత్తుతారు, విసురుతారు. మైదానం గోలు గీతల మధ్య 100 గజాల పొడవు ఉంటుంది. జట్టుకు 11 మంది చొప్పున ఆడతారు. బంతితో ఎదుటి జట్టు గోలు గీత దాటితే అది "టచ్‌డౌన్", దానికి 6 పాయింట్లు. బంతిని గోలు స్తంభాల మధ్యనుండి తన్నితే "ఫీల్డ్ గోల్", దానికి 3 పాయింట్లు.

అమెరికాలో ఈ ఆటకు విశ్వవిద్యాలయాలే పుట్టినిల్లు. వృత్తి క్రీడాకారుల జట్లు బలపడక ముందే కళాశాల జట్ల పోటీలకు వేలాదిగా జనం వచ్చేవారు. అందువల్ల అక్కడి విశ్వవిద్యాలయాల స్టేడియాలు మన దేశంలోని కళాశాల ఆటస్థలాల వంటివి కావు. వాటిలో చాలా వాటికి మన దేశపు పెద్ద క్రికెట్ స్టేడియాలకు సాటివచ్చే విస్తీర్ణం, ఖర్చు, రాజకీయం ఉంటాయి.

స్థల నిర్ణయం

కాల్ జట్టు 1904 నుండి "కాలిఫోర్నియా ఫీల్డ్" అనే మైదానంలో ఆడుతుండేది. ఇప్పుడు హర్స్ట్ వ్యాయామశాల ఉన్న స్థలమే ఆనాటి కాలిఫోర్నియా ఫీల్డ్. 1916 లో శిక్షకుడుగా వచ్చిన ఆండీ స్మిత్ ఈ జట్టును దేశంలోని మేటి జట్లలో ఒకటిగా తీర్చిదిద్దాడు. 1920 నుండి 1924 వరకు ఐదు సంవత్సరాలలో ఈ జట్టు 44 ఆటలు గెలిచి, 4 ఆటలు సమం చేసుకొని, ఒక్కటి కూడా ఓడిపోలేదు. ఈ జట్లను "వండర్ టీమ్స్" అని చెప్పుకొంటారు. వీరి ఆట చూడడానికి వచ్చే జనానికి పాత మైదానం చాలలేదు.

ఇంతలో చిరకాల ప్రత్యర్థి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1921 లో తన సొంత స్టేడియాన్ని కొద్ది నెలల్లోనే కట్టి చూపించింది. ఆ స్టేడియం ప్రారంభపు ఆటలో కాల్ 42-7 తో గెలిచింది. ఆట గెలిచినా, స్టేడియం విషయంలో వెనుకబడ్డామన్న పట్టుదల బర్కిలీలో పెరిగింది. యుద్ధ స్మారకం అన్న ఆలోచన ఈ పట్టుదలకు గౌరవప్రదమైన రూపం ఇచ్చింది. యుద్ధం ముగిసిన తరువాతి దశాబ్దంలో అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాలు ఇదే పద్ధతిలో "మెమోరియల్" పేరుతో స్టేడియాలు కట్టుకొన్నాయి. ఇలినాయి, నెబ్రాస్కా, కాన్సాస్ విశ్వవిద్యాలయాల స్టేడియాలు వీటిలో కొన్ని. బర్కిలీలో నిర్మాణానికి అయిన ఖర్చు సుమారు 14 లక్షల డాలర్లు. ఈ సొమ్ము ప్రజల చందాల రూపంలో సమకూరింది.

సొమ్ము కంటె స్థలమే పెద్ద సమస్య అయింది. విశ్వవిద్యాలయ ప్రధాన వాస్తుశిల్పి జాన్ గేలెన్ హోవర్డ్ ప్రాంగణానికి దిగువన, నగరం వైపున ఉన్న చోటును అనుకూలంగా భావించాడు. అక్కడికి రాకపోకలు సులభం. కాని అక్కడ స్థలం సేకరించడం ఖర్చుతో కూడిన పని. చివరకు నిర్ణయం స్ట్రాబెర్రీ కాన్యన్ వైపు మొగ్గింది. లోయ సహజ సౌందర్యం పాడవుతుందనీ, ఇరుకైన వీధులగుండా ఇంతమంది జనం రావడం కష్టమనీ స్థానికులు, అధ్యాపకులలో కొందరు అభ్యంతరం చెప్పారు. అప్పటి వాదోపవాదాలు ప్రధానంగా చెట్లు, వాగు, రాకపోకల గురించే సాగాయి.

నిర్మాణం

ఎంచుకొన్న స్థలానికి తగినట్లుగా హోవర్డ్ తన నమూనాను మార్చుకొన్నాడు. స్టేడియం బయటి రూపానికి రోము నగరంలోని కొలోసియం ప్రేరణ. పడమటి వైపున ఎత్తైన కాంక్రీటు గోడ, దానిలో వరుసగా కమాను ద్వారాలు ఉంటాయి. తూర్పు సగం మాత్రం నేలమీద లేచిన కట్టడం కాదు. కొండ వాలును తొలిచి, మట్టి నింపి, దానిమీదనే మెట్ల వరుసలు అమర్చారు. అంటే స్టేడియంలో ఒక సగం భవనం, మరొక సగం కొండ. ఈ తేడా తరువాతి కాలంలో ఇంజనీర్లకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది.

కొండను తొలవడానికి కాలిఫోర్నియా బంగారు గనుల కాలం నాటి ఉపాయం పనికివచ్చింది. పెద్ద గొట్టాలతో నీటిని బలంగా చిమ్మి, కొండమట్టిని కరిగించి దిగువకు ప్రవహింపజేశారు. లోయలో పారే స్ట్రాబెర్రీ వాగును స్టేడియం అడుగున ఒక కాంక్రీటు తూములోకి మళ్ళించారు. ఏడాది తిరగకముందే పని పూర్తయింది.

1923 నవంబరు 24 న స్టాన్‌ఫర్డ్‌తో జరిగిన మొదటి ఆటలో కాల్ 9-0 తో గెలిచింది. ఈ రెండు జట్ల మధ్య ఏటా జరిగే పోటీని "బిగ్ గేమ్" అంటారు. ఆనాడు డెబ్భై వేల మందికి పైగా స్టేడియంలో ఉన్నారు. టికెట్టు లేనివారు వెనుకనున్న కొండమీదికి ఎక్కారు. ఆ అలవాటు నేటికీ పోలేదు.

ఆండీ స్మిత్ ఈ స్టేడియంలో ఎక్కువకాలం పనిచేయలేకపోయాడు. 1926 జనవరిలో న్యుమోనియాతో మరణించాడు. ఈయన చితాభస్మాన్ని విమానం నుండి ఈ మైదానంపై చల్లారు. మైదానం అంచున ఈయన పేరుతో ఒక స్మారక బల్ల ఉన్నది.

హేవార్డ్ భ్రంశం

భూమి పైపొరలోని శిలలు విరిగి, ఆ విరుగు వెంబడి ఒకదాని పక్కగా ఒకటి జరిగే చోటును భ్రంశం అంటారు. కాలిఫోర్నియాలో అన్నింటికంటె పేరుపొందినది శాన్ ఆండ్రియాస్ భ్రంశం. దానికి దాదాపు సమాంతరంగా, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పున, బర్కిలీ, ఓక్లండ్, హేవార్డ్, ఫ్రీమాంట్ నగరాలగుండా పోయేది హేవార్డ్ భ్రంశం. ఈ మార్గమంతా ఇప్పుడు ఇళ్ళు, రోడ్లు, ఆసుపత్రులు, రైలు మార్గాలతో నిండి ఉన్నది. అందువలన శాన్ ఆండ్రియాస్ కంటె దీనికే ఎక్కువగా భయపడే శాస్త్రవేత్తలు ఉన్నారు.

1868 అక్టోబరు 21 న ఈ భ్రంశంపై తీవ్రమైన భూకంపం సంభవించింది. దాని తీవ్రత సుమారు 6.8 ఉంటుందని అంచనా. దానిలో సుమారు 30 మంది మరణించారు. 1906 లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరాన్ని ధ్వంసం చేసిన భూకంపం వచ్చేవరకు ఆ ప్రాంతంలో "మహా భూకంపం" అంటే 1868 నాటిదే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం స్థాపించబడినది కూడా అదే సంవత్సరం, మార్చి 23 న.

1906 భూకంపంపై విచారణ జరిపిన సంఘానికి అధ్యక్షుడు ఆండ్రూ లాసన్. ఈయన బర్కిలీలోనే భూగర్భశాస్త్ర ఆచార్యుడు. 1908 లో వెలువడిన ఆ సంఘం నివేదికలో 1868 భూకంపం గురించీ, హేవార్డ్ భ్రంశం గురించీ వివరాలు ఉన్నాయి. కనుక స్టేడియం కట్టేనాటికి ఈ భ్రంశం ఎవరికీ తెలియనిది కాదు. తెలియనిది మరొకటి ఉన్నది. భూకంపం లేని రోజులలో కూడా కొన్ని భ్రంశాలు నెమ్మదిగా, నిరంతరంగా జారుతూ ఉంటాయన్న సంగతి 1950ల చివర వరకు శాస్త్రజ్ఞుల దృష్టికి రాలేదు. శాన్ ఆండ్రియాస్ భ్రంశంపై కట్టిన ఒక ద్రాక్షసారాయి గిడ్డంగి గోడలు పగలడం పరిశీలించినప్పుడు అది మొదట బయటపడింది.

బర్కిలీలో ఆ సంగతిని బయటపెట్టినది స్టేడియం అడుగున ఉన్న తూము. వాగు నీటి కోసం 1923 లో కట్టిన ఆ కాంక్రీటు తూములో పగుళ్ళు కనబడ్డాయి. పగుళ్ళు ఒకే చోట, ఒకే దిశలో, కాంక్రీటును పక్కకు నెట్టినట్లుగా ఉన్నాయి. ఇది భ్రంశం జారుడు వల్ల జరిగిన నష్టమేనని చెప్పే పరిశోధనా వ్యాసం 1966 లో ప్రచురితమైంది. అప్పటినుండి స్టేడియం ఒక క్రీడాప్రాంగణంగానే కాక, భూమి కదలికను కొలిచే సాధనంగా కూడా ఉపయోగపడింది. ఇక్కడ జారుడు వేగం ఏడాదికి సుమారు 4 నుండి 5 మిల్లీమీటర్లు. చూడడానికి స్వల్పమే అయినా ఎనభై ఏళ్ళలో అది ఒక అడుగుకు పైబడుతుంది. స్టేడియం పై అంచున కాంక్రీటు భాగాల మధ్య వదిలిన సందులు అంత మేరకూ తెరుచుకొని ఉండేవి. భూగర్భశాస్త్ర విద్యార్థులను వాటిని చూపించడానికి తీసుకొని వచ్చేవారు.

నెమ్మది జారుడు ఒక ఎత్తు, భూకంపం ఒక ఎత్తు. గత భూకంపాల ఆనవాళ్ళను నేలను తవ్వి పరిశీలించిన పరిశోధకులు, ఈ భ్రంశపు దక్షిణ భాగంలో సగటున సుమారు 150 సంవత్సరాలకు ఒక పెద్ద భూకంపం వస్తున్నదని తేల్చారు. 1868 నుండి లెక్కిస్తే 2018 నాటికే ఆ సగటు గడువు ముగిసింది. 2014-2043 మధ్య హేవార్డ్ భ్రంశంపై 6.7 లేదా అంతకు మించిన భూకంపం వచ్చే అవకాశం 33 శాతమని అమెరికా భూగర్భ పరిశోధన సంస్థ 2016 లో ప్రకటించింది. సగటు అనేది గడియారం కాదు కనుక ఈ లెక్క ఫలానా ఏడాదిని సూచించదు.

స్టేడియంలో ముఖ్య ఘట్టాలు

స్టేడియంలో ఆటకు అత్యధికంగా జనం వచ్చినది 1947 లో. నావికాదళ అకాడమీ జట్టుతో జరిగిన ఆటను సుమారు 83,000 మంది చూశారు.

1962 మార్చి 23 న విశ్వవిద్యాలయ స్థాపన దినోత్సవం సందర్భంగా అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నెడీ ఇక్కడ ప్రసంగించాడు. ఆనాటి సభకు ఎనభై వేలమందికి పైగా హాజరయ్యారు.

వృత్తి జట్ల ఆట కూడా ఒకసారి ఇక్కడ జరిగింది. 1973 సెప్టెంబరు 23 న ఓక్లండ్ రైడర్స్ జట్టు తన మైదానం ఖాళీ లేక ఇక్కడ ఆడి, అంతవరకు వరుసగా 18 ఆటలు గెలిచి ఉన్న మయామీ డాల్ఫిన్స్ జట్టును 12-7 తో ఓడించింది.

అయితే ఈ స్టేడియం పేరు చెప్పగానే అమెరికాలో ఎవరికైనా గుర్తుకు వచ్చేది 1982 నవంబరు 20 నాటి బిగ్ గేమ్. దానిని "ద ప్లే" అని మాత్రమే అంటారు, మరొక పేరు అవసరం లేదు. ఆట చివరి క్షణాలలో కాల్ 19-17 తో ముందున్నది. స్టాన్‌ఫర్డ్ ఆటగాడు జాన్ ఎల్వే తన జట్టును ముందుకు నడిపించగా, ఫీల్డ్ గోల్‌తో స్టాన్‌ఫర్డ్ 20-19 ఆధిక్యం సంపాదించింది. గడియారంలో నాలుగు సెకన్లే మిగిలాయి. స్టాన్‌ఫర్డ్ బంతిని నేలబారుగా తన్నింది. కాల్ ఆటగాడు కెవిన్ మోయెన్ దానిని అందుకొన్నాడు. ప్రత్యర్థులు చుట్టుముట్టేసరికి బంతిని రిచర్డ్ రోడ్జర్స్‌కు వెనుకకు విసిరాడు. రోడ్జర్స్ నుండి డ్వైట్ గార్నర్‌కు, అతనినుండి తిరిగి రోడ్జర్స్‌కు, తరువాత మారియెట్ ఫోర్డ్‌కు, చివరకు మళ్ళీ మోయెన్‌కు బంతి చేరింది. మొత్తం ఐదుసార్లు బంతి చేతులు మారింది.

ఈలోగా ఆట ముగిసిందనుకొని స్టాన్‌ఫర్డ్ బ్యాండు బృందం వాయిద్యాలతో సహా మైదానంలోకి వచ్చేసింది. మోయెన్ ఆ బృందం మధ్యనుండే పరుగెత్తి గోలు గీత దాటి, ట్రోంబోన్ వాయించే గ్యారీ టిరెల్‌ను ఢీకొన్నాడు. రిఫరీలు కొంతసేపు చర్చించుకొని టచ్‌డౌన్ ఇచ్చారు. కాల్ 25-20 తో గెలిచింది. ఆ సంవత్సరమే శిక్షకుడిగా వచ్చిన జో కాప్ పూర్వం ఇదే జట్టులో ఆడినవాడు. రేడియోలో వ్యాఖ్యానం చెబుతున్న జో స్టార్కీ గొంతు ఉద్వేగంతో పగిలిపోయిన ఆ ధ్వనిముద్రణను నేటికీ వినిపిస్తుంటారు.

బంతి చేతిలో ఉండగా గార్నర్ మోకాలు నేలకు తాకిందనీ, ఆట అక్కడే ముగియవలసిందనీ స్టాన్‌ఫర్డ్ వారి వాదన. ఆనాడు కళాశాల ఆటలలో వీడియో చూసి తీర్పు చెప్పే పద్ధతి లేదు. బిగ్ గేమ్ విజేతకు ఇచ్చే బహుమతి ఒక గొడ్డలి. దాని పలకమీద ప్రతి ఏటి ఫలితం చెక్కి ఉంటుంది. ఆ గొడ్డలి స్టాన్‌ఫర్డ్ చేతికి వచ్చినప్పుడల్లా 1982 ఫలితాన్ని అక్కడివారు 20-19 అని మార్చుకొంటారు. బర్కిలీకి తిరిగి వచ్చినప్పుడు అది మళ్ళీ 25-20 అవుతుంది.

ఓక్ చెట్ల వివాదం

2002 లో జెఫ్ టెడ్‌ఫర్డ్ శిక్షకుడిగా వచ్చిన తరువాత జట్టు బాగా పుంజుకొన్నది. తరువాత వృత్తి ఆటలో ప్రసిద్ధులైన ఆరన్ రోడ్జర్స్, మార్షాన్ లించ్ ఈ కాలంలో ఇక్కడ ఆడినవారే. ఆటగాళ్ళూ సిబ్బందీ రోజూ పనిచేసే గదులు మాత్రం భూకంపానికి నిలవలేని పాత కట్టడంలోనే ఉండేవి. వారిని ముందుగా బయటికి తరలించి, తరువాత స్టేడియాన్ని బలపరచాలన్నది విశ్వవిద్యాలయం ఆలోచన. అందుకోసం పడమటి గోడను ఆనుకొని కొత్త శిక్షణా కేంద్రం కట్టడానికి 2006 లో అనుమతి లభించింది. ఆ స్థలంలో ఓక్ చెట్ల తోపు ఉన్నది.

2006 డిసెంబరు 2 న, బిగ్ గేమ్ జరిగే రోజు తెల్లవారుజామున, కొందరు నిరసనకారులు ఆ చెట్లు ఎక్కి కూర్చున్నారు. ఈ నిరసన 21 నెలలు సాగింది. చెట్లపై బల్లలు కట్టుకొని, తాళ్ళతో ఒక చెట్టునుండి మరొక చెట్టుకు కదులుతూ, కిందనుండి మద్దతుదారులు పంపే ఆహారంతో వారు కాలం గడిపారు. 2007 ఆగస్టులో విశ్వవిద్యాలయం తోపు చుట్టూ కంచె వేసింది. చెట్లలో కొన్ని స్టేడియం కంటె పాతవనీ, తోపు కూడా యుద్ధ స్మారకంలో భాగమేననీ, అక్కడ ఆదిమ అమెరికన్ల సమాధులు ఉన్నాయనీ నిరసనకారులు వాదించారు. చాలా చెట్లు 1923 తరువాత నాటినవేననీ, నరికిన వాటికి బదులు ఎక్కువ చెట్లు నాటుతామనీ విశ్వవిద్యాలయం సమాధానం చెప్పింది.

పత్రికలలో చెట్ల ఎక్కుడే ఎక్కువగా కనిపించినప్పటికీ అసలు పోరు న్యాయస్థానంలో జరిగింది. బర్కిలీ నగరపాలక సంస్థ, పక్కనున్న పనోరమిక్ హిల్ నివాసుల సంఘం, ఓక్ చెట్ల పరిరక్షణ సంస్థ వేర్వేరుగా దావాలు వేశాయి. వారి ప్రధాన ఆధారం అల్‌క్విస్ట్-ప్రియోలో చట్టం. 1971 లో శాన్ ఫెర్నాండో భూకంపం వచ్చిన మరుసటి ఏడు కాలిఫోర్నియా ఈ చట్టం చేసింది. దీని ప్రకారం చురుకైన భ్రంశంపై మనుషులు ఉండే కొత్త కట్టడాలు కట్టరాదు. పాత కట్టడానికి మార్పులు చేయవచ్చును కాని, ఆ ఖర్చు కట్టడం విలువలో 50 శాతం మించరాదు.

ఇక్కడ చిక్కు రెండు విధాలుగా వచ్చింది. కొత్త కేంద్రం వేరే కట్టడమా, లేక స్టేడియంలో భాగమా అన్నది మొదటిది. ఎనభై ఏళ్ళనాటి, భ్రంశంపై నిలిచిన, పగుళ్ళు పట్టిన స్టేడియం "విలువ" ఎంత అన్నది రెండవది. అమ్మితే వచ్చే ధర విలువ అనుకొంటే దానిలో సగం సొమ్ముతో ఏ మరమ్మతూ సాగదు. అటువంటిది మళ్ళీ కట్టడానికి అయ్యే ఖర్చే విలువ అనుకొంటే చాలా పెద్ద పనికే అవకాశం ఉంటుంది. విశ్వవిద్యాలయం రెండవ లెక్కను పట్టుకొన్నది. ప్రాణాపాయం తగ్గించడానికి చేసిన చట్టాన్ని మరీ కఠినంగా అన్వయిస్తే, ప్రమాదకరమైన కట్టడం ఉన్నది ఉన్నట్లే మిగిలిపోతుందన్న వాదన తేలికగా తీసివేయదగినది కాదు. అదే సమయంలో, అంత ఖర్చు పెట్టేటప్పుడు భ్రంశం లేని చోటే కట్టవచ్చును కదా అన్న ప్రశ్నకూ సరైన సమాధానం రాలేదు.

2007 జనవరిలో న్యాయమూర్తి బార్బరా మిల్లర్ పనిని నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2008 జూన్‌లో ఇచ్చిన తీర్పులో చాలా అంశాలు విశ్వవిద్యాలయానికి అనుకూలంగా వచ్చాయి. నమూనాలో కొన్ని మార్పులు చేసిన తరువాత నిలుపుదల ఉత్తర్వు తొలగింది. 2008 సెప్టెంబరు 5 న చెట్లు నరకడం మొదలైంది. సెప్టెంబరు 9 న చివరి నలుగురు నిరసనకారులు దిగివచ్చారు.

పునర్నిర్మాణం

కట్టడం 2006 నవంబరులో అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. కనుక దానిని పూర్తిగా కూల్చడం కుదరదు. 2010 నవంబరు 27 న వాషింగ్టన్ విశ్వవిద్యాలయ జట్టుతో పాత స్టేడియంలో చివరి ఆట జరిగింది. దానిలో కాల్ 16-13 తో ఓడిపోయింది. 2011 లో జట్టు తన సొంత ఆటలను శాన్‌ఫ్రాన్సిస్కోలోని బేస్‌బాల్ మైదానంలో ఆడింది. బర్కిలీలో హోవర్డ్ కట్టిన పడమటి గోడను నిలబెట్టి ఉంచి, దాని వెనుకనున్న గ్యాలరీలను తొలగించి కొత్తవి కట్టారు.

ఇంజనీర్లు భ్రంశాన్ని ఎదిరించే ప్రయత్నం చేయలేదు. భూమి చీలితే దానిమీద ఉన్న ఏ కాంక్రీటూ చీలక తప్పదు. అందువలన భ్రంశం దాటే రెండు చివరలలోనూ గ్యాలరీని మిగిలిన స్టేడియం నుండి విడదీసి, వేరు వేరు దిమ్మెలుగా కట్టారు. ఆ దిమ్మెల అడుగున ఇసుక, దానిపై ప్లాస్టిక్ పొరలు పరిచారు. భూమి జరిగినప్పుడు దిమ్మె పగలకుండా, పడవ నీటిపై కదిలినట్లుగా, ఆ పొరలపై జారుతుంది. అడ్డంగా 6 అడుగులు, నిలువుగా 2 అడుగుల వరకు భూమి కదిలినా తట్టుకొనేలా రూపొందించారు. దిమ్మెలకూ పక్క భాగాలకూ మధ్య అందుకు కావలసిన ఖాళీ వదిలారు. పడమటి వైపున పత్రికా విలేఖరుల కోసం కట్టిన పొడవైన గదుల వరుసను కూడా గ్యాలరీతో కలపకుండా, విడిగా రెండు కాంక్రీటు గోపురాలపై నిలబెట్టారు.

2012 సెప్టెంబరు 1 న నెవాడా విశ్వవిద్యాలయ జట్టుతో స్టేడియం తిరిగి తెరుచుకొన్నది. ఆ ఆటలో కాల్ 31-24 తో ఓడిపోయింది. ఆ సంవత్సరం చివర టెడ్‌ఫర్డ్‌ను పదవినుండి తొలగించారు.

అప్పు, పేర్లు

పునర్నిర్మాణానికి 32 కోట్ల 10 లక్షల డాలర్లు ఖర్చయింది. శిక్షణా కేంద్రానికి మరొక 15 కోట్ల డాలర్లు పైగా అయింది. 1923 లో చందాలతో లేచిన స్టేడియం ఈసారి అప్పుతో లేచింది. మంచి సీట్లను నలభై, యాభై సంవత్సరాల హక్కుతో ముందే అమ్మి, ఆ సొమ్ముతో అప్పు తీర్చాలని విశ్వవిద్యాలయం ప్రణాళిక వేసింది. ఒక్కొక్క సీటు ధర 40,000 డాలర్ల నుండి రెండు లక్షల డాలర్ల పైవరకు ఉన్నది. ఈ పథకం 2009 లో, ఆర్థిక మాంద్యం మధ్యలో మొదలైంది. అనుకొన్నన్ని సీట్లు అమ్ముడుపోలేదు. జట్టు ఆట కూడా ఆ సంవత్సరాలలో పడిపోయింది. ఏటా కట్టవలసిన వడ్డీయే సుమారు 1 కోటి 80 లక్షల డాలర్లు కావడంతో క్రీడా విభాగం లోటులో కూరుకొనిపోయింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఫీజులు పెరుగుతున్న కాలంలో ఫుట్‌బాల్ కోసం ఇంత అప్పు ఏమిటని అధ్యాపకులు ప్రశ్నించారు. భూకంప రక్షణకు అయిన ఖర్చు ఒక్క క్రీడా విభాగపు బాధ్యత కాదని అంగీకరించి, 2018 లో విశ్వవిద్యాలయం అప్పులో సుమారు సగభాగాన్ని తన ఖాతాలోకి తీసుకొన్నది.

ఆదాయం కోసం మైదానం పేరును కూడా అమ్మకానికి పెట్టారు. స్మారకం కనుక స్టేడియం పేరు మార్చకుండా, లోపలి మైదానానికి మాత్రమే కంపెనీ పేరు పెట్టే ఏర్పాటు ఇది. 2013 లో కబామ్ అనే వీడియో ఆటల కంపెనీతో 15 సంవత్సరాలకు 1 కోటి 80 లక్షల డాలర్ల ఒప్పందం కుదిరింది. అది గడువుకు చాలా ముందే ముగిసిపోయింది. 2021 లో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో కరెన్సీ సంస్థతో 10 సంవత్సరాలకు 1 కోటి 75 లక్షల డాలర్ల ఒప్పందం జరిగింది. 2022 నవంబరులో ఆ సంస్థ దివాలా తీయడంతో మైదానంపై దాని పేరు కూడా పోయింది.

అనేక దశాబ్దాలుగా పశ్చిమ తీరపు జట్లతోనే ఆడిన కాల్, ఆ జట్ల కూటమి విచ్ఛిన్నం కావడంతో 2024 లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో చేరింది. ఆ సంవత్సరం అక్టోబరు 5 న మయామీ జట్టుతో ఆట సందర్భంగా, ఈఎస్‌పీఎన్ టెలివిజన్ వారి ప్రసిద్ధ కార్యక్రమం కాలేజ్ గేమ్‌డే మొదటిసారిగా బర్కిలీకి వచ్చింది. మూడవ భాగంలో 35-10 తో ముందున్న కాల్ చివరకు 39-38 తో ఓడిపోయింది.

పిసినారి గుట్ట

స్టేడియం తూర్పున నిటారుగా లేచే కొండవాలును "టైట్‌వాడ్ హిల్" అంటారు. పిసినారుల గుట్ట అని దీని అర్థం. 1923 నుండి టికెట్టు కొననివారు ఈ వాలుపై కూర్చొని ఉచితంగా ఆట చూస్తున్నారు. కాల్ జట్టుకు పాయింట్లు వచ్చినప్పుడు పేల్చే ఫిరంగిని కూడా 1971 నుండి ఈ గుట్టమీదనే ఉంచారు. తూర్పు గ్యాలరీ ఎత్తు పెంచాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, దానివల్ల గుట్టమీదివారికి ఆట కనిపించకుండా పోతుందని అభిమానులు కోర్టుకు వెళ్ళారు. పునర్నిర్మాణం తరువాత కూడా గుట్టమీదినుండి మైదానం కనిపిస్తూనే ఉన్నది.